మూడో గడి

ఎంతసేపు అంటే ఏం చెప్పను, గడికి గడియారం కట్టి గీశానా నేను, ఇరవై రెండేళ్ళుగా వారం వారం పత్రికలో నాలుగే బొమ్మల గడులు, మొదటి గడిలో కప్ప మాట్లాడుతుంది, రెండో గడిలో కప్ప ఇంకా మాట్లాడుతుంది, మూడో గడిలో కప్ప పెళ్ళాం కొంగ ఏమీ అనకుండా నిలబడుతుంది, నాలుగో గడిలో కప్ప తన జోకుకి తనే పగలబడి వెల్లకిలా పడుతుంది, పెళ్ళానికి ఆకలేస్తే తనే పలహారమని తెలిసి కూడా కాపురం చేసే కప్ప, ఇంతే కదా కప్పగారి కాపురం, పదహారు పుస్తకాలుగా అచ్చయింది, బడిపిల్లల పెన్సిలు పెట్టెల మీదా పళ్ళు తోముకునే గ్లాసుల మీదా ఎక్కింది, ఎవరూ ఏనాడూ ఎంతసేపు అని అడగలేదు, పుస్తకం చదివేవాడు మూడో గడి దగ్గర తన ఇష్టమొచ్చినంతసేపు ఆగుతాడు, వెళ్ళి టీ కలుపుకుని కూడా రావచ్చు, కొంగ అక్కడే ఉంటుంది, ఆ సుఖం కదిలే బొమ్మల్లో లేదట, అక్కడ సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలట, ఊరుకోవడానికి కూడా ఓ కొలత ఉండాలట, అందుకే ఎదురుగా కూర్చున్న ఒదగిరి గారు, నా కప్పకీ కొంగకీ నడక నేర్పబోయే దర్శకురాలు, నలభై దాటని మనిషి, గుప్పిట్లో స్టాప్‌వాచీ పెట్టుకుని మూడోసారి అడుగుతోంది, మాస్టారూ, కొంగ ఊరుకునే గడి ఎంతసేపండీ, ఆవిడ ముందున్న పొడుగాటి కాగితం మీద నా గడులన్నీ నిలువునా దిగి ఉన్నాయి, పక్కన మాటలు, కుడిచివర సన్నటి వరసలో సెకన్లు, కప్ప మాటకి మూడున్నర, కప్ప ఇంకో మాటకి నాలుగు, కప్ప దొర్లడానికి రెండు, కొంగ ఎదురుగా మాత్రం ఖాళీ, నాకు గడి తెలుసు గాని గడియ తెలీదండీ అన్నాను, నవ్వండి అన్నట్టు చుట్టూ చూశాను, శిగెమత్సు ఒక్కతే నవ్వింది, పత్రిక తరఫున నన్ను చూసుకునే సంపాదకురాలు, ఇరవై ఏడేళ్ళ పిల్ల, నేను నోరు తెరిస్తే నవ్వడం ఆ పిల్ల ఉద్యోగంలో ఒక భాగం, పాపం దానికి సెలవు రోజు కూడా లేదు.

వచ్చీ రాగానే బల్ల మీద బియ్యపు అప్పచ్చుల పెట్టె పెట్టి, అప్పచ్చులు తెచ్చాను, అప్పిచ్చినవాళ్ళలా మీద పడకండి అన్నప్పుడూ ఈ పిల్లే నవ్వింది, ఆ నవ్వుకి ముందు చిన్న ఖాళీ ఉంటుంది, జోకు అయిపోయిందా ఇంకా ఉందా అని చూసుకునే ఖాళీ, నాతో పనిచేసే వాళ్ళందరికీ అది అలవాటైపోతుంది, రోడ్డు దాటేవాడు బండి వెళ్ళిపోయిందా అని చూసుకున్నట్టు, సరే, వర్షాకాలం, ఓగికుబో పేటలో ఈ సైకిళ్ళ కొట్టు మీద మూడో అంతస్తు, కదిలే బొమ్మలు తీసేవాళ్ళ ఆఫీసు, కిటికీ అద్దం మీద నీళ్ళు, గోడవారగా ఎవరెవరివో తడిగొడుగులు, రేపు పొద్దున ఈ కాగితాలు కింది గదిలో బొమ్మలేసేవాళ్ళ బల్లల మీదికి వెళ్ళిపోతాయి, వెళ్ళాక మార్చడం ఉండదు, కొంగ ఎంతసేపు ఊరుకోవాలో ఇవాళే తేలాలి, నిర్మాత కుజె గారు తేల్చేసే తొందరలో ఉన్నాడు, మంచివాడే, చేతి రుమాలుతో నుదురు ఒత్తుకుంటూ, మాస్టారూ, తప్పుగా అనుకోకండి, మనకున్నదే ఒక్క నిమిషం, అందులో నాలుగు జోకులు, జనం రైల్లో నిలబడి ఫోన్లో చూస్తారు, తెర మీద ఎవరూ కదలకపోతే నెట్టు ఆగిందేమో అనుకుంటారు, వేలితో ఒక్క తోపు తోస్తారు, పోయామా, అర సెకను చాలండి, ఠింగుమని ఓ గంట కొట్టి కప్ప మీదికి వెళ్ళిపోదాం, అది ఇష్టం లేకపోతే కొంగకి గొంతు పెట్టేద్దాం, మంచి అమ్మాయి దొరికింది, పిల్లల్లో పేరున్న గొంతు, ఓ చిన్న మాట, హయ్యో అనో, మీతో చావొచ్చింది అనో, ఏమంటారు.

ఏమంటాను, అర సెకనా, గొంతా, వద్దు, ఆ గడి ముట్టుకోవద్దు అని చెప్పడానికే నేను రెండు రైళ్ళు మారి వచ్చాను, కప్పని పచ్చగా కాకపోతే ఊదాగా వేసుకోండి, కప్ప జోకులు సగం కోసెయ్యండి, ఎలాగూ సగం కుళ్ళు జోకులే, ఆ గడి మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి అని చెప్పాలనే వచ్చాను, ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేను, ఏమని చెప్పను, నా ఇంట్లో స్నానాల తొట్టె మాట్లాడుతుంది, నీళ్ళు కాగాయండీ అని ఎంతో మర్యాదగా, అన్నం కుక్కరు పాట పాడుతుంది, చలవపెట్టె తలుపు తెరిచి ఉందని గుర్తు చేస్తుంది, అందరూ మాట్లాడేవాళ్ళే, ఊరుకునే మనిషే లేదు, నేను జోకు వేస్తే ఒక్క క్షణం ఊరుకుని నావైపు చూసే మనిషి లేదు, ఇంట్లో ఊరుకోవడం వేరు, ఎవరూ లేకపోవడం వేరు, అది పధ్నాలుగేళ్ళుగా తెలుస్తోంది, ఆ ఊరుకోవడం ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద మిగిలి ఉన్నది వేలెడంత గడిలో, కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది చూశారా, అది మా ఆవిడ మినెకో నిలబడే తీరు, వంటింటి గడప మీద, ఓ కాలి పాదం రెండో కాలి పిక్కకి ఆనించుకుని, తుడుచుకునే గుడ్డ చేతిలో పట్టుకుని, నా జోకు పూర్తయ్యే దాకా, పూర్తయ్యాక కూడా కాసేపు, ఆ కాసేపే నా ఆస్తి, దాన్ని అర సెకను చేస్తానంటున్నాడు ఈ మహానుభావుడు, ఠింగుమని గంట కొడతాడట, గుడి అనుకున్నాడా గడి అనుకున్నాడా.

నటించి చూపించండి మాస్టారూ, అంటోంది ఒదగిరి గారు, మేం ఎప్పుడూ అలాగే కొలుస్తాం, కళ్ళు మూసుకుని బొమ్మ మనసులో నడిపిస్తాం, వాచీ నొక్కుతాం, మీరు కప్ప మాట అనండి, అది అవగానే నేను నొక్కుతాను, కొంగ ఊరుకోవడం అయిపోయిందని మీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు చెయ్యెత్తండి, అంతే, నటించమంటే నాకేం, యాభై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నదదే, లేచి నిలబడ్డాను, కప్పలా మోకాళ్ళు వంచాను, ఏమేవ్, పైన జల్లు, ఒళ్ళు ఝల్లు, ఇల్లు చిల్లు అని అరిచాను, కింద సైకిలు కొట్టువాడికి కూడా వినపడే ఉంటుంది, వాచీ టిక్కుమంది, చెయ్యెత్తాను, మళ్ళీ టిక్కు, ఒదగిరి గారు చూసి, సున్నా పాయింటు ఎనిమిది అంది, కుజె గారి మొహం వెలిగింది, ఏదో పొరపాటు, ఇంకోసారి అన్నాను, జల్లు ఝల్లు చిల్లు, టిక్కు, ఈసారి పళ్ళు బిగించి ఆగాను, చాలాసేపే ఆగాను, నాకైతే ఓ ఋతువు గడిచినట్టు అనిపించింది, ఎత్తాను, టిక్కు, సున్నా పాయింటు ఆరు, అదేమిటి తగ్గింది, మూడోసారి, సున్నా పాయింటు ఏడు, చూశారా, మాస్టారు కూడా నా లెక్కే చెప్తున్నారు, అర సెకనుకి ఓ పిసరు ఎక్కువ, అంతే కదా అని కుజె గారు పెన్ను మూత తీశాడు, ఒదగిరి గారు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టి, మాస్టారు ఆగట్లేదండీ, ఆగడానికి భయపడుతున్నారు, అంది, మెల్లిగా అంది, ఎగతాళి లేదు అందులో, ఉంటే బాగుండేది, ఎగతాళికి నా దగ్గర జవాబులు బస్తాల కొద్దీ ఉన్నాయి.

కూర్చున్నాను, బార్లీ నీళ్ళు తాగాను, చెమట పట్టింది, ఇదేమిటిది, ఎవరి నుంచి కాపాడాలని వచ్చానో వాళ్ళలో మొదటివాణ్ణి నేనే అయ్యాను, నేను సెకను కూడా ఆగలేనా, మరి మినెకో అంతంతసేపు నిలబడిందని నాకు గుర్తుంది కదా, ఉందా, నాకు గుర్తున్నది గడా మనిషా, జోకు వేస్తాను, వంటింటి గడప మీద తను, ఆ తరవాత, ఆ తరవాత నేనే మళ్ళీ మాట్లాడుతున్నాను, ఎప్పుడు చూసినా నేనే, మధ్యలో ఎంతసేపో ఎందుకు గుర్తు రావడం లేదు, హాస్యం ఆయాసంలాంటిది, ఊపిరాడక ఇంకోటి వేస్తాం, చిన్నప్పుడు మా నాన్న అన్నం బల్ల దగ్గర మాట్లాడకుండా కూర్చుంటే ఆ తరవాత ఏం జరిగేదో మా అన్నదమ్ములిద్దరికీ తెలుసు, గిన్నె ఎగిరి గోడకి తగిలేది, నేను ఓ కోతి వేషం వేస్తే ఒక్కోసారి తగిలేది కాదు, అదీ నా గురుకులం, ఊరుకుంటే ప్రమాదం, నవ్విస్తే ప్రాణం, మరి మా మినెకో గిన్నెలు విసిరే మనిషి కాదని నాకు తెలీదా, తెలుసు, తెలిసి కూడా తన ముందు కోతి వేషం తియ్యలేదు, కప్ప తోలు వేసుకున్నాను, అందరినీ జోకులతో జోకొట్టడమే, కప్ప పని కప్పిపుచ్చడమే, ఇది బాగుంది, రాసుకోవాలి, చూడు, ఇప్పుడు కూడా.

మాస్టారూ, ఇంకొకటి అడగొచ్చా, అంటూ ఒదగిరి గారు లేచి బీరువాలోంచి ఓ అట్టపెట్టె తెచ్చింది, నాదే, కమలాపళ్ళ పెట్టె, పడకగది అలమరలో పక్కబట్టల కింద పడి ఉన్న పాత అసలు బొమ్మల పెట్టెలు మూడింటిని శిగెమత్సు వచ్చి తీసుకుపోయింది వసంతంలో, గీత లావు ఎంతో, కప్ప కన్ను ఎంత గుండ్రమో బొమ్మలేసేవాళ్ళు చూసుకుంటారని, నేనైతే ఆ పెట్టెలు తెరిచి పధ్నాలుగేళ్ళు, ఒదగిరి గారు చేతులు తుడుచుకుని ఒక కాగితం పైకి తీసి, అచ్చులో కనపడనిది ఒకటి ఇందులో ఉందండీ, అని కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దానికి ఆనించింది, వాన వెలుతురు కాగితంలోంచి ఇటు వచ్చింది, కప్ప కనిపించింది, కొంగ కనిపించింది, కొంగ ముక్కు మీద మాత్రం వెలుతురు రావడం లేదు, అక్కడ నల్లటి మచ్చ, ముందునుంచి చూస్తే తెల్లగా, ఎండిన పెరుగు మీగడలా దళసరిగా, తెల్లరంగు పూసిన చోటు, కాగితం కాస్త ఏటవాలుగా తిప్పింది, ఆ రంగు అడుగున సన్నటి గీతలు రెండు, పైదొకటి కిందదొకటి, కొంగ ముక్కు తెరిచి ఉంది, ఎక్కువ కాదు, బియ్యపుగింజ పట్టేంత, ఇంకో కాగితం తీసింది, అందులోనూ అంతే, ఇంకోటి, ఇంకోటి, మూడో ఏడాది నుంచి మొదలవుతున్నాయండీ, దాదాపు రెండు వందలున్నాయి, అన్నిట్లోనూ కొంగ నోరు తెరుస్తోంది, అన్నిట్లోనూ పైన తెల్లరంగు వేసి మూసేసి ఉంది, నాకు అర్థం కాలేదు మాస్టారూ, మీరే గీసి మీరే ఎందుకు మూసేశారు, ఏం చెప్పబోయింది ఈ కొంగ, అది తెలిస్తే ఎంతసేపో నాకు తెలిసిపోతుంది.

మీరే గీసి అంటోంది, అందరూ అలాగే అనుకుంటారు, నేను అలాగే అనుకోనిచ్చాను, నా చెయ్యి మొద్దు చెయ్యి, నా గీత కప్పకి సరిపోతుంది, కొంగ మెడకి సరిపోదు, మొదటివారం కొంగని గీస్తే చీపురుకట్టకి జబ్బు చేసినట్టుంది, మినెకో ఇటివ్వండి అని కలం తీసుకుంది, సిరాలో ముంచింది, ఊపిరి బిగబట్టి మెడ గీసింది, పైనుంచి కిందికి ఒక్క గీత, ఆనాటి నుంచి కొంగ తనది, పెన్సిలు గీతలు చెరిపేదీ, నల్లరంగు నింపేదీ, నీడలకి చుక్కల కాగితం కోసి అతికించేదీ కూడా తనే, ప్రతి పుస్తకం చివర నేనేమో, సహాయం, మా ఇంటి కొంగ, అని వేయించాను, పేరు వెయ్యలేదు, పేరు వేస్తే జోకు కాదు కదా, ఎనిమిదేళ్ళు అలా ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం, నేను గీస్తూ మాటలన్నీ పైకి చదివేవాణ్ణి, కప్ప గొంతుతో, తను తలొంచుకుని కొంగని గీసేది, మూడో ఏట ఓసారి అప్పటి సంపాదకుడు చూసి, ఇదేమిటండీ, ఊరుకునే గడిలో దీని నోరు తెరుచుకుందేమిటి, మాట్లాడుతుందా ఏమిటి, మాటల బుడగ వెయ్యడం మరిచారా అన్నాడు, అవును కదా అన్నాను, ఊరుకునే గడిలో ముక్కు మూసి ఉండాలి, నాలుగు గడుల వాడికి అది అక్షరాభ్యాసం, తనకి చెయ్యి జారింది అనుకున్నాను, చెయ్యి జారితే తెల్లరంగు వేస్తాం, మా వృత్తిలో అది తప్పు కాదు, దినచర్య, సన్నటి కుంచె తీసి ఓ చుక్క పెట్టాను, ఆరాక పైన నేనే ఒక్క గీత గీసి మూసేశాను, మరుసటి వారం మళ్ళీ చెయ్యి జారింది, మళ్ళీ చుక్క, ఆ పై వారం మళ్ళీ, నాలుగేళ్ళు చెయ్యి జారుతూనే ఉంది, నాలుగేళ్ళు నేను చుక్కలు పెడుతూనే ఉన్నాను, కొంగకి దిష్టిచుక్క పెడుతున్నానోయ్ మినెకో, తెల్లకొంగ కనక తెల్లచుక్క, అని జోకు కూడా వేశాను, తను బల్లకి అటువైపే ఉంది, చూస్తూనే ఉంది, నా పని అయ్యాక ఆ కుంచె తీసుకెళ్ళి పంపు కింద కడిగి, వెంట్రుకలు వేళ్ళతో సూదిమొనలా ఒత్తి, మళ్ళీ నాకు అందేచోట పెట్టింది.

చివరి ఏడాది వాటి మీద తెల్లరంగు లేదండీ, అంటోంది ఒదగిరి గారు, పెట్టె అడుగు నుంచి తీసింది, ఇవి చూడండి, వెలుతురులో పెట్టినా ఏమీ లేదు, ముక్కు మూసే గీశారు, అవును, మూసే గీసింది, ఓ వారం కాగితం నా వైపు తోసింది, చూశాను, ముక్కు చక్కగా మూసి ఉంది, కుంచె తియ్యక్కర్లేదు, ఎంత సంబరపడ్డానో, ఇన్నాళ్ళకి నేర్చుకున్నావే, అన్నాను, డిసెంబరు చలి, దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల కింద కాళ్ళు చాపుకుని, కమలాపండు ఒలిచి సగం తనకిచ్చి మరీ అన్నాను, ఇన్నాళ్ళకి నేర్చుకున్నావే, తను ఆ సగం పండు తిన్నది, ఆ మరుసటి ఏడు శరత్కాలంలో మత్సుఎ ఊళ్ళో వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళింది, నాలుగు రోజులకనుకున్నాను, బల్ల మీద ఆ వారం కొంగ గీసి ఉంది, ఆరిపోయి ఉంది, కలాలు కడిగి ఉన్నాయి, పోస్టులో ఆకుపచ్చ గీతల కాగితం వచ్చింది, సంతకం చోట తన ముద్ర వేసి ఉంది, నేను నా ముద్ర వేసి వార్డు ఆఫీసులో ఇస్తూ, విడాకుల్లో ఆకులున్నాయి కనక ఆకుపచ్చ గీతలు వేశారా ఏమండీ అన్నాను, ఆ కుర్రవాడు నవ్వలేదు, కాగితం రెండు చేతులతో అందుకుని తలవంచాడు, ఇంటికొచ్చి తను గీసి పెట్టి వెళ్ళిన ఆ చివరి కొంగని జిరాక్సు తీశాను, పత్రిక ఆగదు కదా, ప్రతి వారం ఆ జిరాక్సు అతికించాను, పధ్నాలుగేళ్ళు, ఏడు వందల వారాలు, అదే కొంగ, అదే మూసిన ముక్కు, పాఠకులు ఉత్తరాలు రాశారు, మీ కొంగ మొహంలో ఎంత అర్థముందండీ, ఎంత ఓర్పు, ఎంత ప్రేమ, నేనూ నమ్మాను, నాకంటే ముందు ఎవరు నమ్ముతారు, ఆ గడిలో తను ఉందనుకున్నాను, నా మాట విని, అర్థం చేసుకుని, ఊరుకుని, నా దగ్గరే నిలబడి.

మాస్టారూ, అని శిగెమత్సు మెల్లిగా పిలిచింది, ఈసారి నవ్వు సిద్ధం చేసుకోలేదు, బయటికి వెళ్ళొద్దామా కాసేపు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాను కాబోలు, కుజె గారు రుమాలు నాకు ఇవ్వాలా తన నుదుటికి ఒత్తుకోవాలా తెలియక మధ్యలో పట్టుకున్నాడు, ఒదగిరి గారు కిటికీ దగ్గరే ఉంది, కాగితం అద్దానికి ఆనించే ఉంది, ఏం చెప్పబోయిందండీ కొంగ, అని మళ్ళీ అడిగింది, నా నోట్లోకి ఒకటి వచ్చేసింది, తయారుగా, చక్కటిది, కొంగ చెప్పబోయేది కొంగజపమేనండీ అని, పైకి వచ్చేసింది, నాలుక చివర నిలబడింది, ఒక్క ఊపిరి వదిలితే చాలు, ముగ్గురూ నవ్వేస్తారు, అందరం కాస్త తేలికపడతాం, కుజె గారు ఒకటి పాయింటు సున్నా అని రాస్తాడు, నేను ఆరున్నర రైలు అందుకుంటాను, స్నానాల తొట్టె నీళ్ళు కాగాయండీ అంటుంది.

కొంగని గీసింది నేను కాదండీ, అన్నాను, మినెకో, మా ఆవిడ, అప్పట్లో మా ఆవిడ, పేరు మినెకో, తెర మీద పేర్లు వేస్తారు కదా, కొంగ బొమ్మ మినెకో అని వెయ్యండి, ముందు ఆవిణ్ణి అడగండి, వెయ్యమంటేనే వెయ్యండి, చిరునామా శిగెమత్సుకి ఇస్తాను, ఏం చెప్పబోయిందో నాకు తెలీదు, అడగలేదు, అంటే అసలు, అని ఇంకేదో అనబోయి ఆగాను, కుజె గారు నోరు తెరిచాడు, ఒదగిరి గారు అటువైపు చెయ్యి చాపి ఆపింది, రెండో చేతిలో వాచీ ఉంది, నొక్కిందో లేదో తెలీదు, వాన చప్పుడు, కింద ఎవరో సైకిలు గంట ఒకసారి మోగించి చూసుకున్నారు, ఛాతీలో చిన్నప్పటి అన్నం బల్ల, ఇప్పుడు గిన్నె ఎగురుతుంది, ఇప్పుడు ఎగురుతుంది, ఎగరలేదు, శిగెమత్సు బల్ల వైపు చూస్తోంది, పెదవి కొరుక్కుంటోంది, ఏదో అనాలని ఉంది ఆ పిల్లకి, ఎన్నాళ్ళుగానో ఉన్నట్టుంది, ఇప్పుడు చూస్తుంటే కనిపిస్తోంది, మాస్టారూ, అంది, ఆగాను, నిజానికి మీ జోకుల్లో నాకు సగం అర్థం కావండీ, ఊరికే నవ్వుతాను, మూడో గడి చూసి మాత్రం మా అమ్మ గుర్తొచ్చి రెండుసార్లు ఏడ్చాను, మీతో చెబుదామంటే ఎప్పుడూ కుదరలేదు, అంది, అని ఎర్రగా అయిపోయి తలొంచుకుంది, నాలుగేళ్ళుగా నాతో పనిచేస్తోంది, వారానికి మూడుసార్లు ఫోను చేస్తుంది, వాళ్ళమ్మ సంగతి నాకు తెలీదు.

నాలుగో గడి తీసెయ్యండి, అన్నాను, కుజె గారు తుళ్ళిపడ్డాడు, నాలుగోది తీస్తే ఎలా మాస్టారూ, నవ్వంతా అందులోనే కదా, కప్ప దొర్లకపోతే ఇక ముగింపేముంది, ముగింపు వద్దండీ, కప్పకి ఆఖరి మాట లేదు, రెండో గడి అయ్యాక కప్ప నోరు ముయ్యాలి, కొంగ ముక్కు ఆవిడ గీసినట్టు తెరిచి పెట్టండి, గొంతు పెట్టొద్దు, గంట కొట్టొద్దు, చూసేవాడు వేలితో తోసేస్తే తోసెయ్యనివ్వండి, నేను ఇన్నేళ్ళూ చేసింది అదే, అది ఎంతసేపు ఉండాలో మీ ఇష్టం ఒదగిరి గారూ, నన్ను మాత్రం అడక్కండి, నేను సున్నా పాయింటు ఆరు మనిషిని, ఒదగిరి గారు కాగితం ముందు కూర్చుంది, నాలుగో గడి మీద ఓ గీత అడ్డంగా కొట్టింది, కుడిచివర ఖాళీలో ఏదో అంకె రాసింది, నేను తొంగి చూడలేదు, కుజె గారు తొంగి చూసి, ఇంతా, అని పైకే అన్నాడు, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, అదృష్టం ఏమిటంటే నాకు అప్పుడు ఒక్క జోకూ తట్టలేదు, ఖాళీగా కూర్చున్నాను, ఆ ఖాళీలో మా వంటింటి గడప మీద తను నిలబడి ఉంది, గుడ్డ చేతిలో, ఏవండీ అంటోంది, అని నా మొహంలోకి చూస్తోంది, నేను పెన్సిలు చెక్కుతున్నాను, మాట్లాడుతున్నాను, ఏవండీ అన్నాక తన పెదవులు అలాగే విడివడి ఉన్నాయి, బియ్యపుగింజంత, నేను ఇంకా మాట్లాడుతున్నాను, ఆ గడి తన వంతు, నేను ఒక్కసారి కూడా ఇవ్వలేదు.